వంత లేని శుక్రవారం

మస్తాన్‌బీ మీద వెంకటేశ్వరమ్మకి కడుపుమంట పుట్టింది రెండువేల ఏడు, జనవరి ఇరవయ్యారో తేదీ, సాయంత్రం నాలుగూ ఇరవైకి. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలమంటే, ఆ మంట రాజేసిన మాట కంప్యూటర్ తెర మీద పడింది. తెర మీద పడిన ప్రతి మాట పక్కనా టైము వేసి ఉంటుంది.

ప్రత్తిపాడులో బుర్రకథ వెంకటేశ్వరమ్మ ఇల్లెక్కడంటే ఎవరైనా చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. అందులో ముప్ఫై ఏళ్ళు కథ చెప్పడంలోనే గడిచాయి. భుజాన తంబుర, కుడిచేతి వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలతో మధ్యలో నిలబడేది ఆవిడ. ఎడమ పక్కన గుమ్మెట వాయించేది ఎలీసమ్మ. ఎలీసమ్మది రాజకీయ వంత, కథలోకి ఊళ్ళో సంగతులూ దేశం సంగతులూ లాక్కొచ్చే పని. కుడి పక్కన గుమ్మెట మస్తాన్‌బీది. ఆమె హాస్య వంత, జనాన్ని నవ్వించాలి. కథకురాలు ఒక మాట చెప్పి ఆగుతుంది. వంతలిద్దరూ "తందాన తాన" అని అందుకుంటారు. అప్పుడు కథకురాలు తరవాతి మాట ఎత్తుకుంటుంది. బుర్రకథంటే అంతే, అంతకంటే బ్రహ్మవిద్య లేదు. కానీ ఆ ఆగడం, అందుకోవడం కుదరాలంటే ఏళ్ళు పడుతుంది.

మస్తాన్‌బీని దళంలోకి తెచ్చింది కూడా వెంకటేశ్వరమ్మే. ఇరవై రెండేళ్ళ కిందట పత్తి చేలో పత్తి తీస్తూ, పదిహేనేళ్ళ మస్తాన్‌బీ మేస్త్రీ నడకని నడిచి చూపిస్తుంటే కూలీలందరూ ఒళ్ళో పత్తి కింద పారబోసుకుని నవ్వారు. అది చూసి వెంకటేశ్వరమ్మ, ఆ పిల్ల తల్లి మాబూబీ దగ్గరికి నాలుగుసార్లు తిరిగి ఒప్పించింది. గుమ్మెట పట్టడం నేర్పింది. ఎక్కడ నోరు విప్పాలో, ఏ ఊళ్ళో ఏ జోకు వెయ్యకూడదో నేర్పింది. "నా దళంలో సగం బలం మా మస్తానే" అని నలుగురిలోనూ చెప్పేది. సగం అన్నంత కాలం బాగానే ఉంది.

ఆ రోజులకి కథలు అడుగంటాయి. ఒకప్పుడు తిరునాళ్ళకి ఒక కథ, ఆసుపత్రి వాళ్ళ కుటుంబ నియంత్రణకి ఒక కథ, పల్స్ పోలియోకి ఒక కథ అని నెలలో సగం రోజులు బయటే ఉండేవాళ్ళు. తిరునాళ్ళ కమిటీలకి రికార్డింగ్ డాన్సులు రుచి మరిగాయి. ఆఫీసుల వాళ్ళు గోడల మీద రాయించి ఊరుకుంటున్నారు. తంబురకి తీగ తెగితే కొత్తది వేయించక మూడు నెలలైంది. అలాంటప్పుడు శ్రీరమ్య వచ్చింది.

శ్రీరమ్య మిరప రైతు వెంకయ్య కూతురు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. గుంటూరులో బీయస్సీ కంప్యూటర్స్ చేసి, బస్టాండు రోడ్డులో నెట్ సెంటర్ పెట్టింది. పరీక్షల ఫలితాలప్పుడు నెట్ సెంటర్ ముందు తొక్కిసలాట. మిగతా రోజుల్లో ఈగలు. ఆ అమ్మాయి ఊరికే కూచునే రకం కాదు. కువైట్‌లో పనికి పోయిన మనవాళ్ళకి అక్కడ సంఘం ఒకటి ఉందనీ, శుక్రవారం సెలవు రోజున అందరూ ఒక హాల్లో చేరతారనీ తెలుసుకుంది. వాళ్ళకి కంప్యూటర్‌లో ఉత్తరం మీద ఉత్తరం కొట్టింది. ఇక్కడ కంప్యూటర్ మీద కెమెరా పెట్టి ఆడితే, అక్కడ గోడంత తెర మీద చూస్తారన్నమాట. సెంటర్ వెనక గదిలో గోడకి ఎర్ర దుప్పటి కొట్టి, బయట "గడప ఆర్ట్స్" అని బోర్డు కూడా రాయించింది.

"అత్తా, మొదటి కార్యక్రమం మీదే. రిపబ్లిక్ డే కూడా శుక్రవారం వచ్చింది, బాగా చూస్తారు" అంది శ్రీరమ్య.

ఆ రోజు నేల మీద సుద్దముక్కతో గీతలు గీసింది. "మీ ముగ్గురూ ఈ గీతల మధ్యే ఉండాలి. ఈ కెమెరా చిన్నది, గీత దాటితే కనపడరు."

"కథ చెప్పేటప్పుడు నా కాళ్ళు నా మాటే వినవే అమ్మాయ్" అంది వెంకటేశ్వరమ్మ నవ్వుతూ.

అది నిజం. మాట చెప్పేటప్పుడు మూడడుగులు ముందుకి వెయ్యాలి, వంత అందుకునేటప్పుడు మూడడుగులు వెనక్కి రావాలి. ఆవిడ గురువు అలాగే నేర్పాడు. అడుగు ఆగితే మాట కూడా ఆగిపోతుంది. వంతలు మాత్రం నిలబడ్డ చోటి నుంచి కదలకూడదు.

కాలవ నీళ్ళ కోసం జమీందారుని నిలదీసిన చినలక్ష్మి కథ ఎత్తుకున్నారు. వెంకటేశ్వరమ్మ గొంతు ఖంగుమని మోగింది. "కాలవ తూముకు జమీందారుడూ కప్ప తాళమూ వేయించాడూ" అంది. వంతలు అందుకున్నారు. వెంటనే మస్తాన్‌బీ గుమ్మెట ఆపి, "నీళ్ళకి తాళమా అక్కా? మా అత్త ఉప్పు జాడీకి వేసేది తాళం. చెవి ఎక్కడ పెట్టిందో మర్చిపోయి నెల రోజులు ఇంటిల్లిపాదీ చప్పిడి కూడు తిన్నాం!" అంది. ఎప్పుడూ వేసే జోకే.

అక్కడి వాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపుతుంటే, సంబరం పట్టలేక శ్రీరమ్య మధ్యలో ఆగిన చోట చదివి వినిపించింది. "జోకర్ అమ్మ సూపర్... నీలం చీర ఆవిడ అదిరింది... మా హాల్లో అందరూ పడీ పడీ నవ్వుతున్నారు... మధ్య మధ్యలో అడ్డం వచ్చేది ఎవరు..."

చివరిది నోటి నుంచి వచ్చేశాక గాని శ్రీరమ్యకి అర్థం కాలేదు. నాలుక కరుచుకుంది.

అడ్డం వచ్చేది వెంకటేశ్వరమ్మే. మూడడుగులు ముందుకి వెయ్యగానే ఆవిడ తల కెమెరాకి అందడం లేదు. తంబుర కొనా, మోచెయ్యీ, చీర కుచ్చిళ్ళూ కనిపిస్తున్నాయి. కదలకుండా నిలబడ్డ మస్తాన్‌బీ మొహం మాత్రం ట్యూబ్‌లైటు కింద చంద్రబింబంలా ఉంది.

ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా మస్తాన్‌బీ అదే మాట. "నిన్ను పట్టుకుని అడ్డం అంటాడేందక్కా వాడు! వాడి మొహం మండా! ముప్ఫై ఏళ్ళు కథ చెప్పిన మనిషి అడ్డమంట!" అని తిడుతూనే కిసుక్కున నవ్వుతోంది. ఎలీసమ్మ కూడా నవ్వింది. వెంకటేశ్వరమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదు గదా అని.

ఆ తరవాత ఊళ్ళో కేబుల్ వాళ్ళు ఆ కార్యక్రమాన్ని రెండుసార్లు వేశారు. పొలం పోతుంటే, కిరాణా కొట్టుకి పోతుంటే, "ఏం మస్తానూ, ఉప్పు జాడీ చెవి దొరికిందా?" అని అడిగేవాళ్ళే. పక్కనున్న వెంకటేశ్వరమ్మకి "బాగున్నావా అమ్మా" అని ఒక పలకరింపు. ఆ జోకు రాసి ఇచ్చింది తను. తాళంచెవి పోగొట్టుకున్న అత్త కూడా మస్తాన్ అత్త కాదు, తన సొంత అత్త. తన అత్తతో సహా ఆ పిల్ల ఎగరేసుకుపోయింది.

కడుపుమంట ఉన్న మనిషికి చూపు పెరుగుతుంది. మస్తాన్‌బీ కళ్ళకి కాటుక కాస్త ఎక్కువైందని కనిపించింది. కార్యక్రమానికి ముందు కెమెరా వైపు తిరిగి మొహం సర్దుకోవడం కనిపించింది. శ్రీరమ్య టీ ఇచ్చేటప్పుడు మొదటి గ్లాసు ఎవరికిచ్చిందో కూడా కనిపించింది.

ఫిబ్రవరిలో రెండో కార్యక్రమం వచ్చింది. ఈసారి వెంకటేశ్వరమ్మ ఒక పని చేసింది. హాస్య వంత నోరు విప్పాలంటే కథకురాలు సందు ఇవ్వాలి. "ఏమంటావ్ వంతా?" అని అటు తిరగాలి. వెంకటేశ్వరమ్మ అటు తిరగలేదు. తందాన తాన అనగానే తరవాతి మాట, అది అయ్యీ కాకముందే ఇంకో మాట, గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోయింది. మస్తాన్‌బీ రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. మూడోసారి నోరు తెరవలేదు. కెమెరా వైపు చూసి ఒక్క కనుబొమ్మ పైకెత్తింది, అంతే. కువైట్ హాలంతా గొల్లుమందని శ్రీరమ్య తెర మీద చదివింది.

మాటకైతే అడ్డం పడొచ్చు. కనుబొమ్మకి ఎలా అడ్డం పడతాం?

బయటికొచ్చాక ఎలీసమ్మ పక్కకి లాగింది. "ఏంది వదినా, ఇయ్యాళ దాన్ని మాట్లాడనియ్యలా?"

"టైము చాల్లేదే."

"టైము చాల్లేదా, నీకు మనసు చాల్లేదా?" అంది ఎలీసమ్మ. ఆమె నోటికి చర్చిలో పాదిరిగారే జడుస్తారు. వెంకటేశ్వరమ్మ గజ్జెలు సంచిలో పడేసుకుంది.

మార్చి మొదట్లో శ్రీరమ్య ఫోన్ చేసింది. దళంలో సెల్ ఉన్నది వెంకటేశ్వరమ్మకి ఒక్కదానికే. కబురేదైనా ఆవిడకి చెబితే ఆవిడ మిగతా ఇద్దరికీ చేరవేస్తుంది.

"అత్తా, తొమ్మిదో తేదీ శుక్రవారం వాళ్ళు మహిళా దినం చేస్తున్నారంట. ఈసారి..." అని కాస్త నసిగింది. "ఈసారి కథ వద్దంట. మస్తాన్‌బీ అత్త ఒక్కతే ఒక అరగంట నవ్విస్తే చాలంట. నువ్వేమీ అనుకోవుగా?"

"నేనేమనుకుంటానే పిచ్చిదానా. మా పిల్లేగా. చెప్తాలే."

చెప్పడానికే బయల్దేరింది. అవి మిరప కల్లాల రోజులు. ఊరవతల కల్లంలో ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు కాయ ఎండుతోంది. ఒక పక్కన ఆడవాళ్ళు వరసగా కూచుని తాలుకాయలు ఏరుతున్నారు. మస్తాన్‌బీ మొగుడు బుడేది మార్టూరులో రాళ్ళ పాలిషింగ్ పని, నెలకోసారే ఇంటికొస్తాడు. సీజన్‌లో ఆమె కల్లానికి పోతుంది. ఘాటుకి దగ్గుకుంటూ వెంకటేశ్వరమ్మ గట్టు ఎక్కేసరికి కూలీల నవ్వులు వినిపించాయి.

మస్తాన్‌బీ లేచి నిలబడి ఉంది. భుజాన తంబుర బదులు చీపురు. మూడడుగులు ముందుకి వేసి, ఖంగుమని గొంతు పెట్టి, కనిపించకుండా పోయినట్టు తల పక్కకి వాల్చింది. మళ్ళీ మూడడుగులు వెనక్కి వచ్చి, ఉలిక్కిపడ్డట్టు చూసింది. "ఏరీ, జనమేరీ? ఇప్పటిదాకా ఇక్కడే ఉండారే!" అంది, అచ్చం వెంకటేశ్వరమ్మ గొంతుతో. ఆడవాళ్ళు తాలుకాయల మీద పడిపోతున్నారు.

వెంకటేశ్వరమ్మకి కళ్ళు మండాయి. మిరగ్గాయ ఘాటు అనుకోవచ్చు, పక్కన అంత కాయ ఉంది మరి.

మస్తాన్‌బీ చూసి చీపురు కింద పడేసింది. మొహం ఎర్రబడింది. "అక్కా! నువ్వా! ఏమక్కా ఇటొచ్చావ్?"

"ఏం లేదే. కాయ ఎట్టా ఉందో చూద్దామని వచ్చా."

"కూచో అక్కా, మంచినీళ్ళు తెస్తా."

"వద్దులే. ఏరుకోండి, ఏరుకోండి" అని వెనక్కి తిరిగింది. తొమ్మిదో తేదీ మాట గొంతు దాకా వచ్చి, అక్కడే ఉండిపోయింది.

శుక్రవారం నాడు నెట్ సెంటర్‌కి ఒక్కతే వెళ్ళింది.

"మస్తాన్‌బీ అత్తేదీ?" అంది శ్రీరమ్య.

"దానికి జొరమే అమ్మాయ్. ఒళ్ళు పెనంలా కాలిపోతంది."

"అయ్యో! ముందే ఒక ఫోన్ కొట్టకూడదా అత్తా? ఇప్పుడు వాళ్ళకేం చెప్పను? హాల్లో అందరూ కూచున్నారు."

"చెప్పడమెందుకు? ఆ జోకులన్నీ దానికి ఎవరు నేర్పారనుకున్నావ్? నేను చెప్తా."

శ్రీరమ్య ఒక క్షణం ఆవిడ వైపు చూసింది. వేరే దారి లేదు. కెమెరా పెట్టింది.

వెంకటేశ్వరమ్మ ఈసారి సుద్దగీతల మధ్యలో పాతిన గుంజలా నిలబడింది. ఏమైనా సరే కదలకూడదు, ఎవడూ అడ్డం అనకూడదు. వారం రోజులు వంటింట్లో నిలబడి సాధన చేసింది. అడుగు వెయ్యకుండా మాట చెప్పడం వచ్చేసింది. తన మాట తనే చెప్పి, మస్తాన్ మాట కూడా తనే చెప్పాలి. అదేమంత కష్టం?

"కాలవ తూముకు జమీందారుడూ కప్ప తాళమూ వేయించాడూ" అంది.

ఆగింది.

ముప్ఫై ఏళ్ళ అలవాటు. మాట చివర గడ్డం కొంచెం దించి, ఊపిరి బిగబట్టి, వంత కోసం ఆగాలి. ఆగానని ఆవిడకే తెలియదు. చెవిలో ఎప్పుడూ వినిపించే తందాన తాన ఇప్పుడు కూడా వినిపించినట్టే ఉంది. అది అయిపోయినంత సేపు ఆగి, మళ్ళీ ఎత్తుకుంది. మాట చివర మళ్ళీ ఆగింది. కాళ్ళు కదలవు, చేతులు కదలవు, రెప్ప కూడా వెయ్యదు.

శ్రీరమ్య మొహం మారింది. తెర మీద మాటలు వరసగా పడుతున్నాయి. బొమ్మ ఆగిపోయింది. సౌండ్ రావట్లేదు. లైన్ కట్ అయింది. మళ్ళీ కలపండి. ఆ అమ్మాయి బల్ల కిందికి దూరి వైర్లు లాగి మళ్ళీ పెట్టింది. అక్కడి వాళ్ళు తీసేసి మళ్ళీ కలిపారు. కలిపేసరికి వెంకటేశ్వరమ్మ జోకు సగంలో ఉంది. ఉప్పు జాడీ అంది. ఆగింది. మళ్ళీ బొమ్మ ఆగిపోయిందని రాశారు. తీసేశారు.

పదిహేను నిమిషాలు కాలేదు, హాల్లో వాళ్ళు లేచి భోజనాలకి పోయారని కబురొచ్చింది.

"ఛ! ఈ లైను ఇయ్యాళే చావాలా!" అని శ్రీరమ్య కుర్చీలో కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ తప్పేం లేదత్తా. నువ్వు బాగానే చెప్పావు. దరిద్రపు లైను."

వెంకటేశ్వరమ్మకి అప్పుడు తెలిసింది. ఆ ఆగిన చోట్లు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. కానీ "నీ తప్పేం లేదు" అనే మాట ఎంత చల్లగా ఉంది! ఎండన పడి వచ్చిన మనిషికి కుండలో నీళ్ళలా ఉంది. తాగేసి ఇంటికి పోయింది.

ఆదివారం పొద్దున ఇంటి ముందు నీళ్ళు చల్లుతుంటే శ్రీరమ్య సైకిలు మీద పోతూ కనిపించింది. హాండిల్‌కి సంచి వేలాడుతోంది, సంచిలో బత్తాయిలు.

"ఎక్కడికే?"

"మస్తాన్‌బీ అత్తని చూసొద్దామని. జొరం తగ్గిందో లేదో!" అంటూ ఆగకుండా పోయింది.

వెంకటేశ్వరమ్మ చేతిలో చెంబు అక్కడే పడేసి, తడికాళ్ళతోనే అడ్డదారిన పరిగెత్తింది. నలభై ఎనిమిదేళ్ళ ఒళ్ళు సైకిలుని అందుకుంటుందా? మస్తాన్‌బీ వాకిట్లోకి వెళ్ళేసరికి శ్రీరమ్య అప్పటికే మంచం మీద కూచుని ఉంది. మస్తాన్‌బీ అరుగు మీద చేతులకి మజ్జిగ పట్టించుకుంటోంది, మిరగ్గాయ మంటకి.

"ఎట్లా ఉందత్తా? జొరం తగ్గిందా?" అంటోంది శ్రీరమ్య.

"జొరమా? ఎవరికి?"

"నీకేగా. శుక్రవారం నీ ఒక్కదానికే అరగంట ఇస్తే రాలేదుగా, ఒళ్ళు కాలిపోతోందని వెంకటేశ్వరమ్మత్త చెప్పింది."

మస్తాన్‌బీ తల ఎత్తింది. వాకిట్లో వగరుస్తూ నిలబడ్డ వెంకటేశ్వరమ్మ కనిపించింది. మజ్జిగ చేతుల నుంచి కిందికి కారుతోంది. ఎంతమందినో నవ్వించిన ఆ మొహంలో ఆ క్షణాన ఏమీ లేదు, అలికిన గోడలా ఉంది.

"ఆ..." అంది మస్తాన్‌బీ నెమ్మదిగా. "వచ్చిందమ్మాయ్. తగ్గింది."

తిట్టినా బాగుండేది. జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చినా బాగుండేది. ఇందులో కూడా దానిదే పైచెయ్యి. పెద్దమనసు చూపించే వంతు కూడా దానికే దక్కింది. వెంకటేశ్వరమ్మకి లోపల మంట ఇంకో మూర లేచింది.

శ్రీరమ్య బత్తాయిలు కింద పెట్టి చెప్పడం మొదలెట్టింది. "ఒక రకంగా నువ్వు రాకపోవడమే మంచిదైందత్తా. లైను పోయి అంతా నాశనమైంది. పల్లెటూళ్ళో లైన్లు ఇంతేనంట, మాకొద్దు అని చెప్పేశారు వాళ్ళు. నిన్న లైన్‌మన్‌ని కూడా నానా మాటలూ అన్నాను పాపం. బోర్డు తీసేస్తున్నా. గుంటూరులో మా ఫ్రెండ్ వాళ్ళ సెంటర్‌లో చేరతా. అక్కడ మిమిక్రీ వాళ్ళు ఎవరో ఉన్నారంట, వాళ్ళతో చూసుకుంటా."

నోరు మూసుకుంటే చాలు. తప్పు లైను మీదికి పోయింది, అబద్ధాన్ని మస్తాన్ కప్పేసింది. బోర్డు దిగిపోతుంది, కెమెరా పోతుంది. జోకర్ అమ్మ మళ్ళీ కల్లంలో తాలుకాయలు ఏరుకుంటుంది. అడ్డం వచ్చేది ఎవరని అడిగేవాడే ఉండడు. వెంకటేశ్వరమ్మ ఒక గుక్క పాటు ఆ ఆలోచనని చప్పరించింది. తియ్యగానే ఉంది. కానీ అందరితో పాటు తన కథ కూడా పోతుంది. కువైట్ కాదు గదా, పక్కనున్న కొమ్మూరులో కూడా ఇక పిలిచేవాళ్ళు లేరు.

"లైను బాగానే ఉందే అమ్మాయ్" అంది.

"లేదత్తా, నువ్వు చూళ్ళేదు, బొమ్మ ఆగిపోయింది."

"బొమ్మ ఆగలా. నేనాగా."

శ్రీరమ్యకి అర్థం కాలేదు. వెంకటేశ్వరమ్మ వాకిలి మధ్యకి వచ్చింది. "ఇట్టా చూడు" అని కదలకుండా నిలబడి, "కాలవ తూముకు జమీందారుడూ కప్ప తాళమూ వేయించాడూ" అని గడ్డం దించి ఆగింది.

"తందాన తాన" అంది మస్తాన్‌బీ.

అనాలని అనలేదు. మజ్జిగ చేతులతో, మండిపోతున్న మనసుతో, అరుగు మీద కూచునే అనేసింది. ఇరవై రెండేళ్ళ అలవాటు ఆమెది కూడా. అనేశాక తన నోటిని తానే తిట్టుకున్నట్టు పెదవులు బిగించింది.

శ్రీరమ్య ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే... శుక్రవారం అదంతా... నువ్వు వంత కోసం ఆగుతుంటే... నేను లైన్‌మన్‌ని..." అని నుదురు కొట్టుకుంది. మంచం మీద నుంచి లేచింది. "వాళ్ళకి ఇప్పుడే చెప్తా. లైన్ బాగుందని చెప్తా. ఒక్కసారి, ఒక్కసారి ఒప్పుకుంటే చాలు." సైకిలు ఎక్కబోతూ ఆగి, "మరి జొరం?" అంది.

"జొరం సంగతి మేము మాట్లాడుకుంటాం. నువ్వు పో" అంది మస్తాన్‌బీ.

శ్రీరమ్య సైకిలు వీధి మలుపు తిరిగింది.

"నాకు చెప్తే నేను పొయ్యేదాన్ననేగా చెప్పలా?" అంది మస్తాన్‌బీ.

"కల్లంలో నన్ను చీపురు చేసి ఆడించావుగా."

"ఆడించా. తప్పే. నీ ఎదురుగానే ఆడించి ఉండాల్సింది, నీ వెనక ఆడించా, అదీ నా తప్పు. కానీ అది చూడకముందు ఫిబ్రవరిలో నా నోరు ఎందుకు నొక్కావ్? అప్పుడు చీపురు లేదే?"

వెంకటేశ్వరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. "నిన్ను చూసి ఓర్చుకోలేకపోయానే."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ అంతే."

మస్తాన్‌బీ ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. నవ్వితే కోపం పోతుందని భయం కావచ్చు. చేతులు కొంగుకి తుడుచుకుంది. "సరే విను. నా ఫోను ఇకనుంచి నాకే రావాలి. బుడేతో చెప్పి ఒక సెల్ తెప్పించుకుంటా. రెండోది, వాళ్ళు మళ్ళీ ఒప్పుకుంటే ఆ అరగంటా నాది. మధ్యలో నేను నిలబడతా. నాకూ వంత కావాలి. నాకు వంత పాడతావా? పాడలేనంటే ఇప్పుడే చెప్పు, ఎలీసమ్మ వదిన ఒక్కతే చాలు."

వాళ్ళమ్మ ఇంటి చుట్టూ నాలుగుసార్లు తిరిగి తెచ్చుకున్న పిల్ల! ఇప్పుడు దానికి పక్కన నిలబడి తందాన తాన అనాలి. వెంకటేశ్వరమ్మకి నోరు చేదెక్కింది. అయినా చాలాసేపు ఆలోచించలేదు. ఆలోచిస్తే కాదంటానని ఆవిడకి తెలుసు.

"గుమ్మెట పట్టి ఎన్నాళ్ళైందో" అంది.

"నేర్చుకో" అంది మస్తాన్‌బీ.

కువైట్ వాళ్ళు నెలాఖరు శుక్రవారానికి ఒప్పుకున్నారు. "మళ్ళీ లైను ఆగితే ఇంక పిలవం" అని ముందే చెప్పారు. గురువారం మధ్యాహ్నం ఎలీసమ్మ ఇంట్లో సాధనకి కూడారు. మస్తాన్‌బీ మధ్యలో, తంబుర లేకుండా, ఉత్త చేతులతో నిలబడింది. కొత్తగా తనే కట్టుకున్న మాటలు ఎత్తుకుంది. అత్తల గురించి కాదు, కెమెరా గురించి, ఎర్ర దుప్పటి గురించి, ఊళ్ళో మాయమై కువైట్‌లో తేలే మనుషుల గురించి. బాగున్నాయి. అదే వెంకటేశ్వరమ్మ బాధ. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి వింది, దొరకలేదు.

"తందాన తాన!" అంది.

"వదినా, ముందే అనేశావ్" అంది ఎలీసమ్మ. "దాని మాట ఇంకా అవ్వలా."

మళ్ళీ ఎత్తుకుంది మస్తాన్‌బీ. మళ్ళీ వెంకటేశ్వరమ్మ ముందే అందుకుంది. చివర రెండక్షరాలు గుమ్మెట మోతలో కొట్టుకుపోయాయి.

"అమ్మా తల్లీ, ఆ పిల్లని పూర్తి చెయ్యనియ్!" అని ఎలీసమ్మ దండం పెట్టింది. "రేపు అక్కడ అందరూ చూస్తారు."

మస్తాన్‌బీ వెనక్కి తిరిగి చూడలేదు. గొంతు సవరించుకుని అదే మాట మూడోసారి ఎత్తుకుంది. వెంకటేశ్వరమ్మ అరచెయ్యి గుమ్మెట చర్మం మీదికి వచ్చి గాలిలో ఆగింది. నోరు తెరుచుకుంది. పళ్ళు బిగించి మూసుకుంది. మస్తాన్‌బీ మాట చివరి అక్షరం పలికి, గడ్డం కొంచెం దించి, ఆగింది.

అప్పుడంది, తందాన తాన అని.